చైనా రేడియోలో నా తాలింపు

నేను బీఏ పాసయ్యానండి. ఫస్టు క్లాసు కాదు, సెకండు క్లాసే, అయినా పాసు పాసే. పొద్దున్న కోడలు సునీత డ్యూటీకి వెళ్తూ, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడే ఫోన్లో నా హాల్ టికెట్టు నంబరు కొట్టింది. కాసేపు అది గుండ్రంగా తిరుగుతూనే ఉంది. తర్వాత ఆ పిల్ల చెప్పులతోనే లోపలికొచ్చేసి, "అత్తయ్యా, మీరు గ్రాడ్యుయేట్ అయిపోయారు" అని నన్ను పట్టేసుకుంది. మా నాన్న వైపు చూసినా, మా అమ్మ వైపు చూసినా, పోయిన మా ఆయన వైపు చూసినా డిగ్రీ అన్నది మా ఇళ్ళల్లోకి రావడం ఇదే మొదలు. అదీ అరవై ఆరేళ్ళ ముసల్దాని వల్ల వచ్చింది. మా అబ్బాయి ఐటీఐ చదివి ఇక్కడ దుబాయ్‌లో ఏసీలు బాగుచేస్తాడు. వాడికి ఫోన్ చేస్తే ఎవరింట్లోనో నిచ్చెన మీదున్నాడంట. "అమ్మా, కిందకి దిగాక ఏడుస్తాను, ఇప్పుడు చెయ్యి ఖాళీ లేదు" అన్నాడు. ఇద్దరూ పనికెళ్ళిపోయారు, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరుగుతున్నాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడేలా లేదు, అందుకే ఈ కాగితాలు ముందేసుకున్నాను. అసలు ఈ కబురు అందరికంటే ముందు చెప్పాల్సిన మనిషి ఒకావిడ ఉన్నారు. చదువుకుని చూపిస్తానని నలభై ఏళ్ళ కిందట ఆవిడకి మాటిచ్చాను. ఇప్పుడు ఆవిడ ఉన్నారో లేరో కూడా నాకు తెలీదు.

ఓపెన్ యూనివర్సిటీలో ఆఖరి ఏడు మాకు ఒక ప్రాజెక్టు ఉంటుందండి. మీరు దగ్గరుండి చూసిన ఒక సంస్థ చరిత్ర రాయండి అన్నారు. అందరూ ఊళ్ళో బడి గురించి, రైసు మిల్లు గురించి, సొసైటీ గురించి రాశారు. నేను చైనా రేడియో గురించి రాశాను. క్లాసులకీ పరీక్షలకీ నేను ఊరెళ్ళి వచ్చేదాన్ని. అక్కడ క్లాసులు చెప్పే మాస్టారు కాగితం చూసి, "అమ్మా, గోదావరి జిల్లాలో చైనా రేడియో ఎక్కడుందండి?" అన్నారు. గోదావరి జిల్లాలో కాదండి, షార్జాలో అన్నాను. షార్జాలో ఎక్కడ అంటే, మా వంటింటి పక్క గదిలో అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నావంక చూశారు. నేను చెప్పింది అక్షరాలా నిజం. ఇరవై ఒకటో ఏట వంటమనిషిగా వచ్చిన నేను ఆ ఇంట్లో ఏడేళ్ళున్నాను. ఆ ఏడేళ్ళూ వంటింటికీ రేడియో గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం.

ముందు ఆ రేడియో ఎలా పుట్టిందో చెప్తాను. నేను రాకముందు సంగతి, నాకు ఆ ఇంటి మేడం చెప్పిందే. అప్పట్లో ఈ ఊళ్ళన్నీ ఒకేసారి కడుతున్నారు. సిమెంటు, ఇనుము, కర్ర, అన్నీ ఓడల్లోనే రావాలి. వచ్చిన ఓడలు వచ్చినట్టే సముద్రంలో నిలబడిపోయేవంట. దించుకోడానికి వంతు రాక రెండేసి నెలలు, మూడేసి నెలలు అలాగే ఉండేవి. అందులో సగం ఓడల్లో చైనా నావికులే. హాంకాంగ్ వాళ్ళు, తైవాన్ వాళ్ళు, సింగపూర్ వాళ్ళు. ఒడ్డు కనపడుతుంటుంది గాని దిగనివ్వరు. వాళ్ళ దగ్గరుండేది ఒక్క ట్రాన్సిస్టర్. షార్జాలో ఫ్లాస్కులూ, దుప్పట్లూ, పింగాణీ సామానూ అమ్మే ఒక చైనా సేఠ్ ఉండేవారు. ఆయనకి ఆలోచనొచ్చింది, ఇంతమంది ఊరికే కూర్చుని ఉన్నారు, వీళ్ళ భాషలో పాటలేసి మధ్యలో మన ఫ్లాస్కుల మాట చెబితే, దిగినరోజు మన కొట్టుకే వస్తారు కదా అని. వేరేవాళ్ళ స్టేషన్లో రోజుకో అరగంట తీసుకుని మొదలెట్టారు. అరగంట గంటయ్యింది. నేనొచ్చేసరికి ఊరి బయట ఇసకలో సొంత టవరు, రోజుకి మూడు గంటలు. మాట్లాడే మనిషి మాత్రం మొదట్నించి చివరిదాకా ఒక్కరే, మా లింగ్ మేడం.

లింగ్ మేడం చైనా ఎప్పుడూ చూళ్ళేదండి. కలకత్తాలో పుట్టి పెరిగిన చైనా మనిషి. తోళ్ళు పదునుచేసే పేటలో వాళ్ళ నాన్నకి చెప్పుల కొట్టుండేది. భర్తతో ఇక్కడికొచ్చారు, ఆయన పోయారు, ఈవిడ ఉండిపోయారు. ఇంట్లో వాళ్ళ భాష, బయట హిందీ, కోపమొస్తే బెంగాలీ. నాకు హిందీ నేర్పింది ఆవిడే, అందుకే నా హిందీ విని ఇప్పటికీ ఇక్కడ టాక్సీవాళ్ళు మీది కలకత్తానా అని అడుగుతారు. మనిషి పొట్టి, జుట్టు మెడ దగ్గరికి కత్తిరించుకునేవారు. చన్నీళ్ళు ముట్టుకునేవారు కాదు, ఎండ మండిపోతున్నా సరే ఫ్లాస్కులోంచి కాగినీళ్ళే వంచుకుని ఊదుకుంటూ తాగేవారు. మైకు ముందు కూర్చుంటే చెప్పులు విప్పేసి కాలి వేళ్ళు ముడుచుకునేవారు. ఆ వేళ్ళు విప్పారంటే రికార్డింగ్ అయిపోయిందని నాకు అర్థం.

ఆ గది వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉందండి. గోడలకి చప్పుడు మింగడానికని సేఠ్ గారి కొట్లో దుప్పట్లే మేకులు కొట్టి వేలాడదీశారు. నెమళ్ళూ, పులులూ, పెద్ద పెద్ద ఎర్ర పువ్వులూ ఉన్న దుప్పట్లు. వాటి కలరా ఉండల వాసన, కొత్త టేపు విప్పితే వచ్చే పులుపు వాసన, మేడం కణతలకి రాసుకునే పచ్చ బామ్ వాసన. మైకు పెట్టినప్పుడు ఏసీ ఆపేయాలి, ఫ్రిజ్ తీగ పీకేయాలి. ఇవి రెండూ నా డ్యూటీ. మూడోది, వంటింట్లో చప్పుడు చెయ్యకూడదు. కుక్కరు పెట్టకూడదు, రుబ్బకూడదు, తాలింపు వెయ్యకూడదు. అయిపోగానే టేపు డబ్బాలో పెట్టి ఇస్తే డ్రైవర్ ఖాన్ భాయ్ కారులో టవరు దగ్గరికి పట్టుకెళ్ళేవాడు. నాలుగింటికల్లా అక్కడుండాలి.

ఒకరోజు నేను మర్చిపోయాను. ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది, మనసు అక్కడుంది. మేడం గదిలో ఓడల వరసలు చదువుతున్నారు, అంటే ఇవాళ ఏ ఓడకి వంతు వచ్చింది, రేపు ఏ ఓడకి అన్నది. నేను ఇవతల మూకుడులో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేసేశాను. చిటపటమని అంతెత్తున లేచింది. తలుపు తెరుచుకుంది. మేడం గుమ్మంలో నిలబడి, ముక్కుకి రుమాలు పెట్టుకుని దగ్గుతున్నారు. మళ్ళీ చదివే టైము లేదు, ఖాన్ భాయ్ కింద హారన్ కొడుతున్నాడు. టేపు అలాగే వెళ్ళిపోయింది. నా ఉద్యోగం ఖలాస్ అనుకున్నాను. పది రోజులకి ఉత్తరాలు మొదలయ్యాయండి. ఒక ఓడలోంచి రాశారు, ఆ చప్పుడేంటి, వాన పడిందా అని. ఇంకో ఓడలో వంటవాడు రాశాడు, నాకు తెలుసు, అది కాగిన నూనె, లోపల ఏం వేశారో చెప్పండి అని. సేఠ్ గారు అవన్నీ విని, మూకుళ్ళ ప్రకటనకి ముందు రోజూ అదే వెయ్యమన్నారు. అప్పట్నించి కొత్త చప్పుడు టేపులో ఎక్కించడానికి వారానికోసారి మేడం మైకు పట్టుకుని వంటింట్లోకొచ్చేవారు, నేను తాలింపేసేదాన్ని. ప్రాజెక్టులో ఈ సంగతి 'ప్రకటనల విధానం' అనే చోట రాశాను. పక్కన మాస్టారు టిక్కు పెట్టారు.

ఉత్తరాలు విడదీసే పని కూడా నాకే వచ్చిందండి. ఓడ పేరుని బట్టి కట్టలు కట్టాలి. ఆ అక్షరాలు నాకు రావు కదా. కానీ ముగ్గు ఎలా గుర్తుపెట్టుకుంటాం, అలాగే చూసేదాన్ని. ఇది ఇల్లు, లోపల మూడు అడ్డగీతలు, పక్కన తోక. ఇది పందిరి కింద మనిషి. ఇలా ఓ ముప్ఫై నలభై ఓడల పేర్లు గుర్తుపట్టేసేదాన్ని, ఒక్కటి కూడా పైకి పలకలేను. మేడం నా కట్టలు చూసి, నువ్వెంతవరకు చదివావు అని అడిగారు. ఏడో క్లాసు అన్నాను. ఎందుకు ఆపేశావన్నారు. మా నాన్న పడవ మునిగి పోయారండీ అన్నాను. ఆవిడ, టేపు వెనక్కి తిరుగుతుంటే దాని వంకే చూస్తూ తన సంగతి చెప్పారు. చైనాతో యుద్ధం వచ్చినప్పుడు కలకత్తాలో ఆవిడ మెట్రిక్ పరీక్షకి చదువుకుంటున్నారంట. ఒకరోజు పోలీసులొచ్చి, మీ మొహాలు చైనా మొహాలని వాళ్ళ ఇంటిల్లిపాదినీ రైలెక్కించి ఎక్కడో ఎడారిలో క్యాంపులో పెట్టారు. మూడేళ్ళు. వచ్చేసరికి బడి లేదు, కొట్టు లేదు.

"నా పుస్తకాలు బల్ల మీద తెరిచే ఉన్నాయి సీతా. లెక్కల పుస్తకం. మూసే టైము కూడా ఇవ్వలేదు. నా పరీక్ష ఎటూ పోయింది, నీది రాయి. పాసై నాకు కాగితం చూపించు."

ఆ రోజు నుంచి రోజూ టేపు వెనక్కి తిరిగే ఆ కాస్తసేపూ నాకు పాఠమే. లెక్కలూ, ఇంగ్లీషూ. తెలుగు పుస్తకాలు ఊరి నుంచి తెప్పించుకున్నాను. చదవడం కూడా రేడియోలో చదివినట్టే నేర్పారు. వందమందికి చదవకు, ఒక్కడికే చదువు, వాడు ఓడ మీద బట్టలారేసుకుంటూ వింటున్నాడనుకో అనేవారు. చదువు చెప్పేటప్పుడు మాత్రం ఆవిడకి దయాదాక్షిణ్యం లేదు. భిన్నాలు తప్పుచేస్తే, "చేపకి ముల్లు తియ్యడం వచ్చిన దానికి ఇది రాదా?" అని ఎత్తిపొడిచేవారు.

మా ఇద్దరికీ ఎవరి పట్టింపులు వాళ్ళకుండేవి. వాళ్ళ కొత్త సంవత్సరం నాడు ఇల్లు ఊడవకూడదు, అదృష్టం చీపురుతో పోతుందంట. ఊడవకుండా పొద్దున్నే కూర్చోవాలంటే నాకు చేతులు దురదలెత్తేవి. నా పట్టింపు ఇంకోటి. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవను. మా నాన్న ఆ రోజు రేవుకి వెళ్తుంటే మా అమ్మ గొడుగు మర్చిపోయారని వెనక నుంచి కేకేసింది. ఆయన వెనక్కొచ్చి గొడుగు పట్టుకెళ్ళారు. ఆ రోజు ఆయనెక్కిందే ఆ మునిగిన పడవ. మా అమ్మ బతికినన్నాళ్ళూ ఆ ఒక్క కేక గురించే ఏడ్చింది. అందుకని ఖాన్ భాయ్ ఏదన్నా మర్చిపోయి వెళ్తుంటే, నేను పిలవకుండా మెట్లమీంచి పరుగెత్తి, అతన్ని దాటి, ముందుకెళ్ళి నిలబడేదాన్ని. మేడం నవ్వేవారు. ఈ పిల్ల మనుషుల్ని మొహం వైపు నుంచే పిలుస్తుంది, వీపుతో మాట్లాడదు అని సేఠ్ గారికి చెప్పేవారు.

తర్వాత తర్వాత కొత్త రేవులు కట్టేశారు. పెట్టెల్లో సామాను వచ్చే ఓడలొచ్చాయి, ఇవాళొచ్చి రేపు వెళ్ళిపోతున్నాయి. సముద్రంలో నిలబడి పాటలు వినే తీరిక ఎవరికుంది? కొన్నాళ్ళు కట్టుబడి పనులకొచ్చిన చైనా వాళ్ళు కూలీల క్యాంపుల్లోంచి ఉత్తరాలు రాశారు. తర్వాత ప్రతివాడి చేతిలో క్యాసెట్ ప్లేయరు వచ్చింది. ఉత్తరాల కట్టలు సన్నబడ్డాయి. మూడు గంటలు రెండయ్యి, ఒకటయ్యి, మళ్ళీ మొదటి అరగంటకొచ్చింది. ఆఖరికి సేఠ్ గారు వచ్చి, ఫ్లాస్కులోంచి కాగినీళ్ళు తాగి, ఇంక చాలమ్మా అన్నారు. ఆయన హాంకాంగ్ వెళ్ళిపోతారు, మేడం కెనడాలో టొరంటోలో తమ్ముడి దగ్గరికి. నాకు ఇంటికి టికెట్టు. వెళ్ళేముందు మేడం నా పదో క్లాసు ప్రైవేటు పరీక్ష దరఖాస్తు తనే కూర్చుని నింపించారు. వచ్చే మార్చిలో పరీక్ష. పోస్టులో పడేసి, రసీదు నా చేతిలో పెట్టారు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో దుప్పట్లన్నీ ఊడదీసేశారు, మాట్లాడితే గోడలు తిరిగి మాట్లాడుతున్నాయి. మేడం రెండు పెట్టెలతో కిందికి దిగారు. నన్ను రావద్దన్నారు, ఏడుస్తావు, నన్నూ ఏడిపిస్తావు అని. నేను వెనక్కి తిరిగేసరికి మైకు బల్ల మీద ఆవిడ ఎర్ర అట్ట పుస్తకం ఉంది. అందరి చిరునామాలూ అందులోనే. మా ఊరి చిరునామా కూడా దాంట్లోనే నా చేతే ఇంగ్లీషులో రాయించుకున్నారు. ఇంకెక్కడా లేదు. టొరంటో చేరగానే నేనే ముందు రాస్తాను అన్నారు, అందుకే ఆవిడ చిరునామా నేను తీసుకోలేదు. పుస్తకం పట్టుకుని బాల్కనీలోకి పరుగెత్తాను. రెండంతస్తుల కింద ఆవిడ వీపు నాకు కనపడుతోంది. కారు తలుపు పట్టుకుని ఉన్నారు. ఒక్క కేక. మేడం అంటే చాలు. నోరు తెరిచాను. సముద్రాలు దాటి వెళ్తున్న మనిషి. గొడుగు పట్టుకుని రేవుకెళ్ళే మా నాన్న కళ్ళ ముందుకొచ్చారు. నోరు మూసేసుకుని మెట్ల మీదకి పరుగెత్తాను, ఎప్పటిలాగే ముందుకెళ్ళి నిలబడదామని. కిందికొచ్చేసరికి కారు రౌండెబౌట్ తిరిగిపోతోంది. ఎదురుగా వెళ్ళి నిలబడడానికి అది ఖాన్ భాయ్ నడక కాదు కదండి, కారు.

ఇంటికెళ్ళాక నేను మార్చిలో పరీక్ష రాయలేదు. ఫిబ్రవరిలో పెళ్ళి చేసేశారు. రసీదు పెట్టెలోనే ఉండిపోయింది, ఎర్ర పుస్తకం దాని కింద. పిల్లాడు, పాడిగేదెలు, ఆయన జబ్బు. నా చిరునామా లేక ఆవిడెలాగూ రాయలేరు, అయినా ఎన్నేళ్ళు పోస్టుమాన్ సైకిలు చప్పుడైతే లేచి వాకిట్లోకొచ్చానో. పదో క్లాసు యాభై దాటాక రాశాను. ఇంటర్ రెండుసార్లు పోయి మూడోసారి వచ్చింది. ఆయన పోయాక మా అబ్బాయి ఇక్కడికి తీసుకొచ్చాడు. దుబాయ్‌లో ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో మేముండే వరసంతా చైనా బోర్డులే. మొదటిరోజు కారు దిగి తలెత్తి చూస్తే నా ఓడల పేర్లలో ముక్కలన్నీ గోడల మీదున్నాయి, ఇల్లు, లోపల మూడు గీతలు, తోక. అబ్బాయి సామాను దించుతున్నాడు, నేను రోడ్డు మీద నిలబడిపోయాను. ఇప్పుడు ఎవరింట్లో చూసినా ఎవరి ఫోన్ వాళ్ళది, ఎవరి చెవిలో వాళ్ళ పాట. వినడానికి ఏదీ ఎదురుచూడక్కర్లేదు, మంచిదే. కానీ నాలుగింటికి టేపు చేరిందో లేదోనని ఇద్దరాడవాళ్ళు వంటింట్లో చిన్న రేడియో పెట్టుకుని, మొదటి మాట వినపడేదాకా ఊపిరి బిగబట్టుకునే సుఖం ఈ పిల్లలకి ఎలా చెప్పను?

ప్రాజెక్టు కోసం ఊరి నుంచి ఎర్ర పుస్తకం తెచ్చుకున్నాను. మేడం రాతంతా చైనా అక్షరాలే, అంకెలు నాకు తెలుస్తాయి గాని ఏ అంకెలు ఎవరివో తెలీదు. పక్క ఫ్లాట్లో షావో అని చైనా అమ్మాయి, లైట్ల కొట్లో పనిచేస్తుంది. ఆ పిల్ల ఫోన్లో వాళ్ళ భాషలో చెప్తుంది, ఫోను హిందీలో అంటుంది. అలా నాలుగు శుక్రవారాలు కూర్చుని పేజీ పేజీ చదివింది. ఏ ఓడలో ఎవడికి ఏ పాట కావాలో, ఎవడి తల్లికి బాగోలేదో, ఎవడికి ఆ కబురు రేడియోలో చెప్పకూడదో, అన్నీ రాసుకున్నారు మేడం. ఆఖరి పేజీలో నేను వంకరటింకరగా రాసిన మా ఊరి చిరునామా. దాని కింద రెండు వరసలు మేడం చేతివి. ఫోను ఆ రెండూ చదివింది.

"తమ్ముడి ఇల్లు, టొరంటో, ఫోను నంబరు. సీతకి మార్చి నెలాఖరున రాయాలి, పరీక్ష ఎలా రాసిందో అడగాలి."

షావో నా మొహం చూసి పుస్తకం మూసి, లేచి వెళ్ళి నాకు నీళ్ళు తెచ్చింది. ఇది జరిగి నాలుగు నెలలైంది. నంబరు ఆ రోజే ఫోన్లో ఎక్కించి ఇచ్చింది. ఇప్పటిదాకా నేను నొక్కలేదు. నలభై ఏళ్ళ తర్వాత ఫోన్ చేసి ఏమని చెప్పను, మార్చిలో రాయలేదు మేడం అనా? పాసైన కాగితం చేతికొచ్చాకే చేస్తాను అనుకున్నాను. అలా అనుకోవడం కూడా భయమేనండి. ఆవిడకి ఎనభై దాటుంటాయి. చెయ్యనంతకాలం ఆవిడ అక్కడ ఫ్లాస్కు ముందు పెట్టుకుని కూర్చునే ఉంటారు కదా. ఇప్పుడు ఆ కాగితం ఫోన్లోకి వచ్చేసింది, ఇంక వంక లేదు. ఫోన్ చెయ్యాల్సిన వాళ్ళ పేర్లు కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను. ఇదుగో.

మా ఆడపడుచు సత్యవతి. ఈ వయసులో చదువేంటి వదినా, కలెక్టరవుతావా అంది. నిదానంగా, స్పష్టంగా చెప్పాలి.

ప్రాజెక్టు మాస్టారు గారు. ఆయనకి ముందే తెలిసుంటుంది, అయినా చెప్పాలి.

మా ఊళ్ళో జిరాక్సు కొట్టు నాగేశ్వర్రావు. దరఖాస్తులన్నీ నింపింది అతనే.

అబ్బాయికి మళ్ళీ. నిచ్చెన దిగుంటాడు.

షావోకి ఫోనెందుకు, గోడ తడితే వస్తుంది.

టొరంటో. మేడం. ఆవిడ కాకపోతే, ఎత్తినవాళ్ళెవరైనా సరే.